మంచు కరిగాక మళ్లీ బండెక్కేటప్పుడు: ఒంటికి గుర్తున్నది, గుర్తులేనిది

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో మోటార్‌సైకిళ్లు ఏడాదిలో దాదాపు సగం కాలం కదలవు. నవంబరులో మంచు నిలవడం మొదలయ్యేసరికి బళ్లు గ్యారేజీల్లోకి వెళ్లిపోతాయి. జనవరి రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడిపోతుంది, చెరువులు వాటి మీద కార్లు నడిపేంత మందంగా గడ్డకడతాయి. మార్చి అంతా కరగడం, మళ్లీ గడ్డకట్టడంతోనే సరిపోతుంది. ఏప్రిల్‌లో ఎప్పుడో ఒక మధ్యాహ్నం పదిహేను డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ రోజు మినియాపొలిస్, సెయింట్ పాల్ వీధుల్లో బళ్ల చప్పుడు ఒక్కసారిగా వినిపిస్తుంది. విస్కాన్సిన్‌లోనూ, మిషిగన్‌లోనూ, కెనడాలోని ఒంటారియోలోనూ ఇంచుమించు ఇదే వరస. ఈ చలి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో బండి మీద ఇష్టం చంపుకోలేనివాళ్లు కొందరున్నారు. నేను వాళ్లలో ఒకడిని.

ఆ మొదటి ఎండ రోజున తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఈత, సైకిలు ఒకసారి వస్తే పోవు కదా, ఇదీ అంతే." ఈ మాటలో నిజం ఉంది, అయితే సగమే ఉంది. మన శరీరం కొన్ని పనులను ఏళ్ల తరబడి దాచుకుంటుంది, కొన్నింటిని నెలల్లోనే జారవిడుస్తుంది. దాచుకున్న భాగం చక్కగా పనిచేస్తుంటే, జారిపోయిన భాగం సంగతి తట్టనే తట్టదు. వసంతంలో జరిగే ప్రమాదాల గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు ఈ విషయం దగ్గరే ఆగుతుంది. ఐదు నెలల తర్వాత బండి తీసేవాళ్లు చార్జరు గురించి, ఇంజిన్ ఆయిలు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. అదీ అవసరమే, అందుకే ముందు దాన్ని చెప్పుకుందాం. కానీ అది ఈ వ్యవహారంలో తేలిక భాగం.

బండిలో మొదట చూడాల్సింది బ్యాటరీ. నిండా చార్జ్ ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని మల్టీమీటరుతో కొలిస్తే 12.6 నుంచి 12.8 వోల్టుల దాకా చూపాలి. పన్నెండుకు దిగిందంటే ఖాళీ అయిపోయినట్టే లెక్క. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. గడియారం, అలారం ఉన్న బళ్లలో ఇంకా త్వరగా అవుతుంది. అలా ఖాళీగా పడి ఉంటే లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడతాయి. తర్వాత ఎంతసేపు చార్జ్ పెట్టినా అవి పూర్తిగా కరగవు. చలి ప్రాంతంలో మరో ముప్పు కూడా ఉంది. నిండుగా ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు యాభై డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో మిగిలేది పలచబడ్డ ఆమ్లం, అంటే దాదాపు నీళ్లే. సున్నాకు పది డిగ్రీల దిగువకు వెళ్లేసరికి అది గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు. అందుకే శీతాకాలమంతా చిన్న చార్జరు తగిలించి ఉంచడమో, బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకోవడమో చేస్తారు. లిథియం బ్యాటరీ అయితే దానికి సరిపడే చార్జరే వాడాలి, గడ్డకట్టే చలిలో అసలు చార్జ్ పెట్టకూడదు.

వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అలా ఉంచితే బండి బాగుంటుందని చాలామంది నమ్మకం. నిజానికి అది బండికి చేటు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి ఇంజిన్‌లో, సైలెన్సర్‌లో ఆ ఆవిరి నీటిబొట్లుగా మారి నిలిచిపోతుంది. దాన్ని తరిమేసేంత వేడి ఆయిలుకు ఐదు నిమిషాల్లో ఎక్కదు. స్టార్టర్ లాగేసుకున్న కరెంటు కూడా ఆ కాస్త సేపట్లో బ్యాటరీకి తిరిగి చేరదు. నడపడానికి వీల్లేని కాలంలో బండిని కదపకుండా వదిలేయడమే మేలు.

పెట్రోలు సంగతి మరికొంచెం చిక్కైనది. అమెరికాలో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ ఒక మోతాదు దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ఆ మోతాదు చలిలో ఇంకా తగ్గుతుంది. మరోవైపు పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు ఎగిరిపోయి, మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత బళ్లలో ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు పెట్రోలు వెళ్లే రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటుంది. చిటికెడు జిగురు చాలు అది మూసుకుపోవడానికి. అందుకే నవంబరులోనే ట్యాంకు నిండా పెట్రోలు పోసి, చెడిపోకుండా ఉంచే ద్రావణం కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడిపి మరీ బండిని మూలకు చేరుస్తారు. మిన్నెసోటా ప్రభుత్వం దీనికొక వెసులుబాటు ఇచ్చింది. కొన్ని బంకుల్లో ఇథనాల్ కలపని 91 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది. ఇది పాతకాలపు సేకరణ వాహనాలకు, మోటార్‌సైకిళ్లకు, పడవలకు, స్నోమొబైళ్లకు, చిన్న ఇంజిన్లకే అని ఆ పంపు మీదే రాసి ఉంటుంది.

ఈ సంగతి చలితో పనిలేని మనవాళ్లకూ పనికొస్తుంది. భారతదేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఏడాదికో రెండేళ్లకో సెలవులకు వెళ్లి, గుంటూరులోనో వరంగల్‌లోనో అమ్మానాన్నల ఇంటి వసారాలో గుడ్డ కప్పి ఉంచిన పాత బండిని బయటకు తీసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మంచు లేకపోయినా ఆ బండి పరిస్థితి కూడా ఇదే. ఖాళీ బ్యాటరీ, పాడైన పెట్రోలు, గాలి దిగిన టైర్లు. దాన్ని నడపబోయే మనిషి పరిస్థితీ దాదాపు ఇదే, ఆ మాటకు తర్వాత వస్తాను.

మిగతావి క్లుప్తంగా. టైర్లలో గాలి నెల నెలా కొంత దానంతట అదే తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోయినప్పుడల్లా గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అందుకని బండిని కదిపే ముందే, టైరు చల్లగా ఉండగానే కొలవాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2219 అని ఉంటే 2019వ సంవత్సరం 22వ వారంలో తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు వయసు దాటిందంటే పట్టు ఉండదు. బ్రేకు ద్రవం కూడా తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాలనేది అందుకే. నెలల తరబడి కదలని బండిలో క్లచ్ పలకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంజిన్ ఆన్ చేసి మొదటి గేరు వేయగానే బండి ముందుకు ఎగిరి దూకుతుంది. ఇంజిన్ ఆపి ఉంచి, గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు నెడితే పలకలు విడతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడటం మాత్రం మరవొద్దు. ఎలుకలు శీతాకాలంలో వెచ్చగా ఉండే మూల కోసం వెతుక్కుంటూ అక్కడే చేరతాయి. చింపిన కాగితపు పీలికలు, సీటులోంచి లాగిన నురుగు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు అన్నీ కలిపి కట్టిన గూడు ఒకటి ఫిల్టర్‌కు ఆనుకుని ఉంటే, ఇంజిన్‌కు గాలి అందదు.

అమెరికాలో 1973లో ఏర్పడిన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఈ పరీక్షలన్నిటికీ ఒక వరస పెట్టింది. టైర్లు, కంట్రోళ్లు, లైట్లు, ఆయిలు, చట్రం, స్టాండ్లు. దాన్ని అనుసరిస్తే ఏదీ తప్పిపోదు. పైగా యంత్రం లోపం చాలావరకు మనం ఇంటి దగ్గర ఉండగానే బయటపడుతుంది. స్టార్ట్ కాదు, పొగ వస్తుంది, ఆయిలు కారుతుంది. మనిషి లోపం అలా బయటపడదు.

రోడ్డు మీద మిగిలిపోయిన శీతాకాలం

మంచు కరిగిన తర్వాత కూడా శీతాకాలం రోడ్డు మీద కొన్ని వారాలు ఉంటుంది. ఐదు నెలలపాటు రోడ్ల మీద చల్లిన ఉప్పు, ఇసుక వానలకూ, మున్సిపాలిటీ ఊడ్పు బళ్లకూ పోయేదాకా అక్కడే పడి ఉంటాయి. కార్ల చక్రాలు నడిచే రెండు దారులు శుభ్రంగానే ఉంటాయి. ఆ రెండింటి మధ్య, మలుపుల లోపలి అంచున, కూడళ్ల నడిమధ్యలో ఇసుక పోగవుతుంది. మోటార్‌సైకిల్ వాలేది, బ్రేకు వేసేది సరిగ్గా ఆ చోట్లలోనే. ఇసుక రంగు తారు రంగులో కలిసిపోవడం వల్ల ఎండలో అది దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

గుంతల కారణం కూడా తెలుసుకోదగ్గదే. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరిగి తారును పైకెత్తుతుంది. కరిగాక కింద బోలు మిగులుతుంది. లారీ వెళ్లగానే పైపొర అందులోకి కూలుతుంది. వసంతంలో నేల మెత్తబడి రోడ్లు బలహీనంగా ఉంటాయి కాబట్టి మిన్నెసోటా రవాణా శాఖ ఏటా ఆ కొన్ని వారాలు భారీ వాహనాల బరువు మీద పరిమితులు పెడుతుంది. లారీలకే అలా ఉంటే రెండు సన్నని టైర్ల మీద వెళ్లేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు. నిన్న నున్నగా ఉన్న చోట ఇవాళ గుంత ఉండవచ్చు. వంతెనల మీద, చెట్ల నీడలో పగలు పది దాటినా పలచని మంచు పొర మిగలవచ్చు. గాలిలో పదిహేను డిగ్రీలున్నంత మాత్రాన రోడ్డు కూడా పదిహేను డిగ్రీల్లో ఉందని అనుకోకూడదు. చల్లటి రోడ్డు మీద టైరు వేడెక్కడానికి సమయం పడుతుంది, వేడెక్కేదాకా దాని పట్టు తక్కువ.

ఒంటికి గుర్తున్నదేమిటి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మరపు గురించి లెక్కకట్టి చెప్పిన తొలి మనిషి జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. 1885లో వెలువడిన ఆయన ప్రయోగాల్లో, పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ సమయం పడుతుందని తేలింది. ఆ తర్వాతి కాలంలో విమాన చోదకుల శిక్షణ కోసం చేతి, కాలి నైపుణ్యాల మీద చాలా పరిశోధనలు జరిగాయి. 1962లో ఫ్లైష్‌మన్, పార్కర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. కదిలే లక్ష్యాన్ని చేతి కర్రతో, కాలి మీటతో ఎడతెగకుండా వెంబడించే పనిని కొందరికి నేర్పి, రెండేళ్ల దాకా ఎడం ఇచ్చి మళ్లీ పరీక్షించారు. నష్టం స్వల్పం. ఆ కాస్త కూడా కొద్ది నిమిషాల సాధనలోనే తిరిగి వచ్చేసింది.

దీనికి పూర్తి భిన్నమైన నైపుణ్యం ఒకటి ఉంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే సీపీఆర్. శిక్షణ పొందినవాళ్లను మూడు నుంచి ఆరు నెలల తర్వాత పరీక్షిస్తే నైపుణ్యం గణనీయంగా తగ్గి ఉంటుందని పదేపదే తేలింది. తేడా ఎక్కడుంది? మొదటిది ఆగకుండా సాగే పని. ప్రతి క్షణం కన్ను చెయ్యిని దిద్దుతూ ఉంటుంది. రెండోది ఎప్పుడో అరుదుగా, హఠాత్తుగా, వరస తప్పకుండా చేయాల్సిన పని. మొదటి రకం నిలుస్తుంది, రెండో రకం చెదిరిపోతుంది.

మోటార్‌సైకిల్ నడపడంలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. బండిని పడిపోకుండా నిలబెట్టడం, మలుపులో వాలడం, గేరు మార్చడం మొదటి రకం. ఐదు నెలలు కాదు, ఐదేళ్ల తర్వాత ఎక్కినా వీధి చివరికి వెళ్లేలోపే అవి తిరిగి వస్తాయి. హఠాత్తుగా అడ్డం వచ్చిన కారు ముందు పూర్తి బలంతో, చక్రం జారకుండా బ్రేకు వేయడం రెండో రకం. రాకముందే ప్రమాదాన్ని పసిగట్టడానికి కళ్లను ఎక్కడెక్కడ తిప్పాలో ఆ క్రమం కూడా దాదాపు రెండో రకమే. వీధి చివరికి వెళ్లేసరికి మొదటి రకం తిరిగొచ్చిందన్న ఆనందంలో "నాకేం, అలాగే వచ్చేస్తోంది" అనిపిస్తుంది. ఆ మాట నిజంగానే అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటిదాకా రెండో రకంతో పని పడలేదు.

శీతాకాలం ఇక్కడ మరో కీడు కూడా చేస్తుంది. ఆ ఐదు నెలలూ మనం ఊరికే ఉండం, రోజూ కారు నడుపుతాం. కారులో ప్రమాదం ఎదురైతే కుడికాలు బ్రేకు తొక్కుతుంది. అదొక్కటే చేయాల్సిన పని. ఐదు నెలలపాటు రోజూ సాధన చేసిన ఆ కుడికాలు మోటార్‌సైకిల్ మీదికి వచ్చేసరికి దాని కింద ఉన్నది వెనక బ్రేకు. బండి బ్రేకు శక్తిలో చిన్న భాగం అది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది. ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. ఆపే శక్తిలో సుమారు డెబ్బై శాతం దాకా ముందు చక్రానిదే. తేలికైన వెనక చక్రాన్ని కుడికాలు బలంగా తొక్కితే అది తిరగడం ఆగి పక్కకు జారుతుంది, బండి మాత్రం ఆగదు.

మనవాళ్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. మనలో చాలామందికి బండి నేర్పింది బాబాయో, అన్నయ్యో, పక్కింటి స్నేహితుడో. "ముందు బ్రేకు జోలికి వెళ్లకు, బోల్తా పడతావు" అన్నది ఆ శిక్షణలో మొదటి పాఠం. పాత డ్రమ్ బ్రేకుల కాలంలో, ఇసుక, మట్టి రోడ్ల మీద ఆ మాటకు కొంత అర్థం ఉంది. డిస్క్ బ్రేకులు వచ్చాక, తారు రోడ్డు మీద అది ప్రాణాంతకమైన సలహా. ఈ అలవాటు మన ఒక్క ప్రాంతానిదే అనుకోనక్కర్లేదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900కు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనా స్థలాలకు వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, బంధువులు, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. ఎక్కువమంది వెనక బ్రేకు అతిగా తొక్కి జారారు, ముందు బ్రేకును సరిగా వాడలేదు. బండిని చటుక్కున పక్కకు తప్పించే నైపుణ్యం దాదాపు కనిపించలేదని కూడా ఆ నివేదిక చెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట: సాధారణంగా ఒక ప్రమాదంలో తప్పించుకోవడానికి దొరికే సమయం రెండు సెకన్ల లోపే.

రెండు సెకన్లంటే ఎంతో లెక్కవేసి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. రెండు సెకన్లకు 28 మీటర్లు. అంటే అడ్డం వచ్చిన కారు 28 మీటర్ల దూరంలో ఉందనుకోవాలి. సాధనలో ఉన్న మనిషి ఒక సెకనులో స్పందించి, పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగా వేస్తే, స్పందించేలోపు 14 మీటర్లు, బ్రేకు వేశాక 12 మీటర్లు, మొత్తం 26 మీటర్లలో ఆగుతాడు. కారుకు రెండు మీటర్ల ఇవతల. అదే మనిషి అర సెకను ఆలస్యం చేస్తే, మిగతాదంతా సరిగ్గానే చేసినా కారును తాకేటప్పటికి బండి ఇంకా గంటకు 33 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆలస్యం చేయకుండా వెనక బ్రేకు ఒక్కటే వేసినా దాదాపు అంతే, 34. రెండు బ్రేకులూ చక్కగా వేసినా ఇసుక మీద పట్టు సగానికి తగ్గితే ఫలితం ఇంచుమించు మళ్లీ అదే. అర సెకను మందగింపు, కుడికాలి అలవాటు, రోడ్డు మీద ఇసుక: వీటిలో ఏ ఒక్కటైనా చాలు. ఏప్రిల్ మొదటి వారంలో మూడూ ఒకేసారి ఉంటాయి.

ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు ఉంటే, గట్టిగా బ్రేకు వేసినా చక్రం తిరగడం ఆగి జారకుండా చూస్తుంది. భారతదేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి, అమెరికాలో ఇప్పటికీ అలాంటి నిబంధన లేదు. ఉన్నా కూడా, ముందు బ్రేకును మన చెయ్యే గట్టిగా పట్టుకోవాలి. ఆ పని ఏబీఎస్ చేయదు.

అవతలివాళ్ల కళ్లు

హర్ట్ నివేదికలోని మరో అంశం ఈ కథకు రెండో కొస. పరిశీలించిన ప్రమాదాల్లో దాదాపు మూడొంతులు మరో వాహనంతో ఢీకొన్నవి. వాటిలో మూడింట రెండు వంతుల్లో మోటార్‌సైకిల్‌కు దారి ఇవ్వాల్సిన అవతలి డ్రైవరు ఇవ్వలేదు. అమెరికాలో అందరికీ తెలిసిన దృశ్యం ఎదురుగా వచ్చే కారు ఎడమవైపు తిరుగుతూ బండికి అడ్డం రావడం. ఆ డ్రైవర్లు చెప్పేది ఒకటే, "చూశాను, కానీ కనిపించలేదు." అది సాకులా వినిపిస్తుంది, కానీ చాలాసార్లు వాళ్లు నిజమే చెబుతారు.

హార్వర్డ్ పరిశోధకుడు జెరెమీ వోల్ఫ్ బృందం 2005లో ఒక ప్రయోగం ప్రచురించింది. విమానాశ్రయ తనిఖీల్లా, రకరకాల వస్తువుల మధ్య ఒక లక్ష్యాన్ని వెతకమన్నారు. చిత్రాల్లో సగంలో ఆ వస్తువు ఉన్నప్పుడు చూసేవాళ్లు ఏడు శాతం సార్లు దాన్ని దాటిపోయారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు ముప్పై శాతం సార్లు దాటిపోయారు. వస్తువు అదే, కళ్లు అవే. అరుదుగా వచ్చేదాన్ని వెతకడం మెదడు త్వరగా మానేస్తుంది. మిన్నెసోటా డ్రైవరు నవంబరు నుంచి మార్చి దాకా ఒక్క మోటార్‌సైకిల్‌నైనా చూసి ఉండడు. ఏప్రిల్ మొదటి ఎండలో అతని కళ్లు బండి కోసం వెతకవు. పైగా చిన్న వస్తువు పెద్దదానికన్నా ఆలస్యంగా మన దగ్గరికి వస్తుందని మనుషులకు అనిపిస్తుంది, వేగం ఒకటే అయినా. కాబట్టి చూసినా, "ఇంకా సమయం ఉంది" అని తిప్పేస్తాడు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లకు ఈ సంగతి ఒంటబట్టడం కష్టం. భారతదేశంలో నమోదైన వాహనాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే. అక్కడి డ్రైవర్ల కళ్లు ప్రతి సందులోనూ బండిని ఆశిస్తాయి. అమెరికాలో వాటి వాటా నూటికి మూడు, నాలుగు. అయినా 2022లో అమెరికాలో 6,200 మందికి పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో చనిపోయారు. ప్రయాణించిన ప్రతి మైలుకూ లెక్కగడితే, కారులో ఉన్నవాళ్లతో పోలిస్తే మోటార్‌సైకిల్ మీద చనిపోయే అవకాశం ఇరవై రెట్లకు పైగా ఉందని అమెరికా జాతీయ హైవే ట్రాఫిక్ భద్రతా సంస్థ లెక్కలు చెబుతాయి. మన ఊరి రద్దీలో నడిపిన అనుభవం గొప్పదే, కానీ అది వేరే రకం ప్రమాదాలకు తయారుచేసింది. అక్కడ వేగం తక్కువ, అందరూ అందరినీ చూస్తూ ఉంటారు. ఇక్కడ వేగం ఎక్కువ, బండి కోసం ఎవరూ చూడరు.

కూడలి దగ్గరపడుతుంటే ఎదుటి డ్రైవరు ముఖం వైపు చూసి, కళ్లు కలిశాయి కదా అని ధైర్యపడటం సరికాదు. అతని కళ్లు మన మీద పడినా మనసు పడకపోవచ్చు. కారు ముందు చక్రాన్ని చూడటం మేలు. చక్రం తిరగడం మొదలైన క్షణమే కారు కదలిక తెలుస్తుంది. వేగం కొద్దిగా తగ్గించి, రెండు వేళ్లు ముందు బ్రేకు మీటను ఆనించి ఉంచితే ఆ అర సెకను మనకు తిరిగి దక్కుతుంది. పెద్ద వాహనం వెనక నక్కి వెళ్లకుండా, ఎదుటివాళ్లకు కనిపించేలా వరసలో చోటు మార్చుకోవాలి.

ఖాళీ స్థలంలో అరగంట

రెండో రకం నైపుణ్యాలు దారిలో వాటంతట అవి తిరిగి రావు, పనిగట్టుకుని తెచ్చుకోవాలి. దానికి ఒక ఖాళీ పార్కింగ్ స్థలం, ఇసుక లేని చదునైన నేల చాలు. ముందు నడిచి వెళ్లి నేల చూడండి. బండిని పది నిమిషాలు నడిపి టైర్లు కాస్త వెచ్చబడ్డాక గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో నిటారుగా వస్తూ ముందు బ్రేకు ఒక్కటే వేయండి. కుడికాలిని పెడల్ మీద నుంచి తీసేయండి, దాని అలవాటు మాన్పించడానికే ఈ సాధన. మీటను ఒక్కసారిగా గుంజితే ముందు టైరు మీద ఇంకా బరువు పడలేదు కాబట్టి అది జారవచ్చు. మొదట మీటను మెత్తగా ఆనించి పట్టండి. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) కిందికి కుంగడం చేతులకు తెలుస్తుంది. అలా కుంగిందంటే బరువు టైరు మీదికి వచ్చిందని గుర్తు. అప్పుడు ఇంకా బిగించండి, ఆపకుండా బిగిస్తూ పోండి. ఈ రెండు దశల మధ్య పట్టే సమయం అర సెకను కూడా ఉండదు. అయినా వాటిని కలిపేసినవాళ్లే పడతారు. చూపు నేల మీద కాకుండా దూరంగా ఉండాలి. నేలను చూస్తే తల, భుజాలు ముందుకు వాలి హ్యాండిల్ మెలి తిరుగుతుంది. ఇది కుదిరాక కాలి బ్రేకును తేలిగ్గా కలపండి, తర్వాత వేగం కొద్దికొద్దిగా పెంచండి.

తప్పించుకోవడానికి పక్కకు మళ్లడం కూడా సాధన చేయాలి. వేగంలో ఉన్న బండి కుడికి తిరగాలంటే కుడి పిడిని ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా, బండి ఆ వైపు వాలి తిరుగుతుంది. రోజూ మలుపుల్లో మనకు తెలియకుండా చేసేది ఇదే. ప్రమాదంలో కావాలని, బలంగా చేయడం వేరు. ఒకటి గుర్తుంచుకోవాలి: మళ్లుతూ బ్రేకు వేయకూడదు. మళ్లాక బ్రేకు వేయాలి, లేదా వేశాక వదిలి మళ్లాలి. ఇవి అయ్యాక నిదానంగా యూ మలుపులు తిప్పండి, క్లచ్ సగం పట్టి, తల వెనక్కి తిప్పి తిరిగే వైపే చూస్తూ. కారు ఆగితే అది దానంతట అదే నిలబడుతుంది, బండి నిలబడదు. మొదటి వారంలో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండి పక్కకు ఒరిగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, కాలు దించడం ఆలస్యమవుతుంది.

చలిని తక్కువ అంచనా వేయకూడదు. పది డిగ్రీల గాలిలో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి అది నాలుగు డిగ్రీల చలిలా తగులుతుంది. మొద్దుబారిన వేళ్లకు బ్రేకు మీట బిగువు తెలియదు, ఇప్పుడు చెప్పిన సాధన అంతా ఆ వేళ్ల మీదే ఆధారపడి ఉంది. గ్లవ్స్ సన్నగా ఉన్నాయని తోస్తే ఆ రోజు హైవే ఎక్కకపోవడమే మంచిది. మొదటి ప్రయాణం మధ్యాహ్నం, తెలిసిన దారిలో, ఎవరినీ వెనక ఎక్కించుకోకుండా ఉండాలి. వెనక మనిషి ఉంటే బండి బరువు, బ్రేకు లెక్క, వాలే తీరు అన్నీ మారతాయి. మనకే అలవాటు తప్పిన వారంలో ఆ భారం మరొకరి ప్రాణం మీద పెట్టకూడదు. మిన్నెసోటా చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువాళ్లకు, నేర్చుకునే పర్మిట్ మీద ఉన్నవాళ్లకు మాత్రమే హెల్మెట్ తప్పనిసరి. చట్టం అడగనంత మాత్రాన హెల్మెట్ ఇంట్లో వదిలి వెళ్లడం ఏ లెక్కలోనూ సమర్థనీయం కాదు.

పార్కింగ్ స్థలంలో ఒంటరిగా చేసే సాధనలో ఒక లోటుంది, తప్పు చేస్తే చెప్పేవాళ్లు ఉండరు. మిన్నెసోటాలో రాష్ట్ర ప్రభుత్వపు మోటార్‌సైకిల్ భద్రతా కేంద్రం కొత్తగా నేర్చుకునేవాళ్లకే కాకుండా ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లకు కూడా తరగతులు నడుపుతుంది. పక్కన నిలబడి చూసే శిక్షకుడు మన కుడికాలు ఎప్పుడు తొందరపడుతోందో, చూపు ఎప్పుడు నేలకు దిగుతోందో ఒక్క రౌండులో పట్టేస్తాడు. బంధువుల దగ్గర బండి నేర్చుకుని, ఇక్కడికొచ్చి రాత పరీక్ష, చిన్న డ్రైవింగ్ పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్న మన కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఈ తరగతి గురించే. మంచు ఇంకా కురుస్తుండగానే, ఫిబ్రవరిలోనే చూసి పేరు రాయించుకోండి.